రౌడీ శబ్దం – దాని చుట్టపక్కాలు

ఇంగ్లీషు నుండి మన భాషలోనికి వచ్చి చేరిన మాటలలో పెక్కు వస్తువుల పేర్లు. రైలు, టిక్కెట్టు, స్కూలు, పెన్సిలు – వస్తువు వచ్చినది, దాని వెంట పేరు వచ్చినది. అందులో వింత లేదు. మనుష్యుల స్వభావాన్ని చెప్పే మాటలు మాత్రం అంత సులభంగా ఎరువు రావు. లోభికి, కోపిష్ఠికి, సోమరికి, కొండెగాడికి మన ఇంటి పేర్లే ఉన్నవి. అట్టి స్థితిలో ‘రౌడీ’ అనే మాట మనకు ఎందుకు కావలసివచ్చినది? వీధిలో దౌర్జన్యం చేసే కుర్రవాడు ఇంగ్లీషువారితోపాటు ఓడ దిగినవాడు కాడు గదా! అతడు పూర్వమూ ఉన్నాడు. అతనికి పేర్లూ ఉన్నవి. అవి ఉండగా ఈ పరాయిమాట వచ్చి ఏమి చేసినది, దానికి ముందున్న మాటలు ఏమి చేస్తూ ఉండినవి అన్నదే ఇక్కడ విచారింపదలచిన విషయం.

ముందుగా దాని పుట్టిల్లు. ఈ మాట ఇంగ్లండులోనైనా పుట్టినది కాదు. 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అమెరికాలో పుట్టినది. ఊళ్ల పొలిమేరలు దాటి, అడవుల అంచున, చట్టం చేయి సరిగా అందని చోట్ల బ్రతికే మోటుమనుషులను అక్కడి నాగరికులు ఈ పేరుతో పిలిచినారు. గలభా అని అర్థమిచ్చే ‘రౌ’ అనే మరొక ఇంగ్లీషు మాటతో దీనికి చుట్టరికం ఉండవచ్చునని కొందరి ఊహ. నిఘంటుకారులు ఆ ఊహకు ముద్ర వేయలేదు. తల్లిదండ్రులెవరో తేలని మాట కావడం దాని అర్థానికి తగినట్లే ఉన్నది!

మనకు ఈ మాటను ఇచ్చిన భాష మననుండి ఊరకే ఉండలేదు. సంస్కృతంలో ‘స్థగ’ శబ్దానికి కపటి అని అర్థం. అది ప్రాకృతం మీదుగా హిందీలో ‘ఠగ్’ అయినది. ఇంగ్లీషులో ‘థగ్’ అయినది. ఆ ప్రయాణంలో మన ప్రాంతానికీ కొంత భాగమున్నది. హైదరాబాదు నిజాము కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో ప్రకటించిన నవల, ఒక ఠగ్గు చెప్పుకొన్న నేరకథగా వ్రాసినది, ఇంగ్లండు పాఠకులకు ఆ మాటను ఇంటింటి మాటగా చేసినది. నేడు ఇంగ్లీషు వార్తాపత్రికలో ‘థగ్’ అంటే వీధిలో కొట్లాడే దుండగీడు. బందిపోటు మాట మనము ఇచ్చినాము, బజారు మాట పుచ్చుకొన్నాము.

శబ్దరత్నాకరంలో వెదకినవారికి ‘రౌడీ’ దొరకదు. 1885లో వెలువడిన ఆ గ్రంథంలో ఇట్టి మాటలకు ప్రవేశం లేదు. కాని నోటిలో ప్రవేశానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తెలుగులో అడుగుపెట్టిన తరువాత ఈ మాట ఎంత సంసారం పెంచుకొన్నదో చూడండి: రౌడీతనం, రౌడీయిజం, రౌడీమూక, వీధిరౌడీ, పేటరౌడీ, చిల్లరరౌడీ. ఇంగ్లీషులో అది నేడు ప్రధానంగా విశేషణం. గోలచేసే తరగతిని ‘రౌడీ క్లాసు’ అంటారు. అంతకుమించి అందులో కత్తీ లేదు, కర్రా లేదు. ఇంగ్లీషు కథలో అల్లరి పిల్లలకు ఆ విశేషణం తగిలించి ఉండగా చదివిన మా విద్యార్థులు, ఆ పిల్లలు ఏ హత్య చేసినారోనని తరువాతి పుటలు తిరగవేసినారు. తెలుగులో అది విశేషణంగా నిలువలేదు, మనిషి అయినది. ఒక గుణం వచ్చి పోతుంది. మనిషి అయిన మాట పోదు.

ఇక మన పాత మాటల సంగతి. వీటిలో నాకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించేది ‘ఆకతాయి’. ఇది సంస్కృతంలోని ‘ఆతతాయి’ శబ్దానికి రూపాంతరమని పండితులు చెబుతారు. ఆతతమంటే చాచినది, ఎక్కుపెట్టినది. వింటినారి లాగి పట్టి చంపడానికి సిద్ధమైనవాడు ఆతతాయి. స్మృతికారులు ఆరుగురిని ఈ పేరుతో లెక్కించినారు: ఇంటికి నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, ఆయుధం పట్టి మీదికి వచ్చేవాడు, ధనం దోచేవాడు, పొలం కాజేసేవాడు, పరుని భార్యను అపహరించేవాడు. వచ్చి మీదపడుతున్న ఇట్టివానిని చంపుటకు వెనుకాడనక్కరలేదని మనుస్మృతి. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు కౌరవులను ఈ మాటతోనే పేర్కొని, అయినా వీరిని చంపితే పాపమే గదా అని వెనుకాడినాడు. అంతటి భయంకర శబ్దమిది.

ఇప్పుడు మన పత్రికలో దాని గతి చూడండి. పార్కులో దీపాలు పగులగొట్టినది ఆకతాయిల పని. ఆసుపత్రిలో బాంబున్నదని దొంగ ఫోను చేసినది ఆకతాయి. చెరువుగట్టున గడ్డివామికి నిప్పంటించినది కూడ ఆకతాయిలే – నిప్పు పెట్టేవాడు స్మృతి లెక్కలో మొదటివాడు! చంపదగిన నేరస్థుడు తెలుగు నోట పడి, తలపై మొట్టికాయ వేసి వదలదగిన కొంటె కుర్రవాడు అయినాడు. అర్థం ఇట్లు పలుచబడుట భాషాశాస్త్రంలో క్రొత్త విషయం కాదు. అయితే ఎంత పలుచబడినదో, ఎవరి విషయంలో పలుచబడినదో గమనింపదగినది. ఆ సంగతికి మరల వస్తాను.

రెండవ గుంపు మాటలు తిరుగుడుకు సంబంధించినవి. ‘ఆవారా’ పారసీ మాట. ఇల్లూ వాకిలీ లేక తిరిగేవాడని అర్థం. 1951లో వచ్చిన హిందీ చిత్రం దానిని దేశమంతటికీ చేర్చినది. ‘లోఫరు’ మరల అమెరికా సరుకే; 1830 ప్రాంతాల పుట్టినది, పని లేక ఊరకే తిరిగేవాడు. ‘పోకిరి’ మనది, తమిళ కన్నడాలలోనూ దాని అన్నదమ్ములున్నవి. ‘పోవు’ ధాతువుతో, ‘పోక’, ‘పోకడ’ అనే మాటలతో దీనికి సంబంధం కలపడం నాకు సమంజసంగా తోస్తుంది. మూడు దేశాలలో, మూడు భాషలలో, ఒకే చూపు. కొట్టుట కాదు, తిట్టుట కాదు, తిరుగుటే నేరం! పని ఉన్నవాడు నడిస్తే పనిమీద పోతున్నాడంటాము. లేనివాడు నడిస్తే తిరుగుతున్నాడంటాము. మన పెద్దలు కుర్రవాడిని మందలించేటప్పుడు మొదట అడిగే ప్రశ్న కూడ ‘ఏమి చేసినావురా?’ కాదు, ‘ఎక్కడ తిరిగి వస్తున్నావురా?’

మూడవ గుంపు కచేరీలనుండి వచ్చినది. అసలు విషయమంతా ఇక్కడ ఉన్నదని నా అభిప్రాయం.

‘పోరంబోకు’ అనే మాటను తిట్టుగా వాడని పల్లె కోస్తాలో, రాయలసీమలో ఉండదేమో. చదువు మానిన పిల్లవాడు పోరంబోకు, అరుగుమీద చీట్లాడేవాడు పోరంబోకు. కాని ఇది మనుష్యుల మాట కాదు, భూమి మాట. తమిళంలో ‘పుఱం’ అంటే వెలుపల. ‘పోక్కు’ అంటే పోక. లెక్కకు వెలుపల పోయినది పోరంబోకు. మద్రాసు రాజధానిలో రైత్వారీ పద్ధతి స్థిరపడినప్పుడు ప్రతి పొలానికీ ఒక అంకె, ఒక పట్టాదారు, ఇంత శిస్తు అని నిర్ణయమయినది. థామస్ మన్రో దత్తమండలాలలో కలెక్టరుగా ఉన్నది 1800 నుండి 1807 వరకు; తరువాత గవర్నరై ఆ పద్ధతిని బలపరచినాడు. ఆ కచేరీ వ్యవహారంతోపాటు తమిళపు లెక్కల మాటలు మన పల్లెలకు వచ్చినవి. ‘అడంగలు’ అట్టిదే. శిస్తు కట్టని నేలను, ఎవరి పట్టాలోనూ చేరని నేలను పోరంబోకు అని వ్రాసినారు.

ఏమిటా నేల? చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, బాట పోరంబోకు, శ్మశాన పోరంబోకు, మందబయలు. ఊరికి నీరిచ్చే చెరువు, పశువులు మేసే బయలు, పిల్లలు ఆడుకొనే మైదానం, చచ్చినవారిని కాల్చే చోటు – ఊరందరికీ చెందినది గనుక ఏ ఒక్కరికీ చెందనిది. శిస్తు రాదు గనుక సర్కారు చిట్టాలో దానికి విలువ లేదు. ఆ విలువలేనితనాన్నే మనము ఎత్తి కుర్రవాడి నెత్తిన పెట్టినాము. పట్టా లేని నేల ఎట్లో, పని లేని పిల్లవాడు అట్లు! ఈ ఉపమానం కట్టిన అజ్ఞాతకవి ఏ గ్రామచావడిలోనో కూర్చున్నవాడై ఉండవలెను. తిట్టులలో ఇంత చక్కని రూపకం అరుదు. అయినా అది పూర్తిగా నేలవైపు అన్యాయమే. ఎన్నూరు కయ్యను కాపాడుకొనే సందర్భంలో తమిళనాడులో 2017లో టి.ఎం. కృష్ణ పాడిన పాట ఈ మాటనే పైకెత్తి, తిట్టును గౌరవంగా మార్చడానికి ప్రయత్నించినది. తెలుగులో ఇంకా అట్టి పాట రాలేదు. చెరువులు పూడుతున్న కాలంలో రావలసిన అవసరం మాత్రం ఉన్నది.

‘బేవార్సు’ కూడ ఇదే తీరు. వారసుడు లేనిది బేవారసు. హక్కుదారు ముందుకు రాని ఆస్తికి, ఎవరిదో తెలియని సామానుకు, గుర్తు తెలియని శవానికి కచేరీలో వాడిన మాట. ఎవరూ తమదని చెప్పుకోని వస్తువు పేరు, ఎవరికీ పట్టని పిల్లవానికి అంటుకొన్నది. తెలంగాణంలో పలుకుబడి ఎక్కువగా ఉన్న ‘బద్మాషు’ ఇంకొక మెట్టు. ‘బద్’ అంటే చెడ్డ. ‘మఆష్’ అంటే జీవనోపాధి. చెడ్డ బ్రతుకుతెరువు కలవాడు బద్మాషు. పల్లెలో అమ్మ తన చంటిబిడ్డను ముద్దుగా ‘బద్మాషుగాడ’ని పిలుస్తుంది, ఆ బిడ్డ జీవనోపాధిపై ఆమెకు ఏ అనుమానమూ లేదు. కాని అదే మాట పోలీసువారి నోట వేరు.

ఎట్లు వేరో చూడవలెనంటే ఒక చట్టాన్ని తెరవవలసి ఉన్నది. ఉపాధ్యాయ మిత్రులు విసుగు చెందరని ఆశిస్తాను. 1898 నాటి నేరవిచారణ చట్టంలో 109వ సెక్షను ఒక విచిత్రమైన మనిషిని వర్ణించినది: పైకి కనబడే జీవనాధారం లేనివాడు, లేదా తనను గురించి తృప్తికరమైన లెక్క చెప్పుకోలేనివాడు. అట్టివానినుండి సత్ప్రవర్తనకు జామీను పుచ్చుకొనవచ్చును. తరువాతి సెక్షను, 110వది, నేరాలు అలవాటుగా చేసేవారిని గురించినది. ఆ కేసులను ‘చెడ్డ బ్రతుకుతెరువు కేసులు’ అని ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలతో పిలిచేవారు. అనగా బద్మాషు శబ్దానికి అక్షరాలా అనువాదం. పోరంబోకు, బేవార్సు, బద్మాషు, 109వ సెక్షను మనిషి – నలుగురూ ఒక్కడే. అతడు ఏదో చేసినవాడు కాదు, లెక్కకు ఎక్కనివాడు. 1973లో వచ్చిన క్రొత్త చట్టం జీవనాధారం లేదనే ఆ భాగాన్ని తొలగించినది. బీదతనమే అనుమానానికి కారణం కావడం 75 సంవత్సరాలు నడిచినదన్నమాట.

చేసిన పనికి గాక పేరుకే శిక్ష పడడం అంతకు ముందునుండీ ఉన్నది. 1836లో వచ్చిన ఠగ్గుల చట్టం ప్రకారం, ఫలానా హత్య చేసినాడని కాదు, ఠగ్గుల ముఠాకు చెందినాడని రుజువైతే చాలు, యావజ్జీవ ఖైదు. 1871 నాటి మరొక చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా వ్రాసివేసినది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1952లో, అది దేశమంతటా రద్దయినది. రద్దయిన చట్టం కాగితంలోనుండి పోతుంది; నాలుకమీదనుండి పోవడానికి ఇంకొంత కాలం పడుతుంది. ఆ కులాల పేర్లు కొన్ని నేటికీ మన పల్లెలలో తిట్టుగా వినబడుతున్నవి. తరగతిగదిలోనూ వినబడుతున్నవి.

ఇక్కడనే ‘రౌడీ’ ప్రత్యేకత బయటపడుతుంది. ఆకతాయికి, పోకిరికి, పోరంబోకుకు పోలీసు ఠాణాలో పుస్తకం లేదు. రౌడీకి ఉన్నది. దాని పేరు రౌడీషీటు. శాసనసభ చేసిన చట్టం కాదది. మద్రాసు పోలీసు సంప్రదాయం నుండి వచ్చిన పోలీసు స్థాయీ ఉత్తర్వులలోనిది. శాంతిభంగపు నేరాలు అలవాటుగా చేసేవారు, స్త్రీలను బాలికలను అలవాటుగా వేధించేవారు మొదలైనవారి పేర షీటు తెరిచి కదలికలు గమనిస్తారు. షీటు ఉన్నవాడు ‘రౌడీషీటరు’. ఈ మాటను ఇంగ్లీషువానికి చెప్పి చూడండి, అర్థం కాదు. మాట వారిది, కాగితం మనది.

‘అలవాటుగా’ అన్న చిన్న క్రియావిశేషణం మీద న్యాయస్థానాలు వ్యాకరణ పండితులవలె చర్చించినవి. బీహారు చట్టమొకదానిని గురించి 1984లో సర్వోన్నత న్యాయస్థానం, అలవాటు అంటే మరల మరల, ఎడతెగకుండ చేయడమనీ, ఒక్క పనితో అది ఏర్పడదనీ తేల్చినది. ఒక్కసారి వాన పడితే వానాకాలం కాదు గదా. అంతకు పూర్వం 1962లో, ఉత్తరప్రదేశం నుండి వచ్చిన ఖరక్ సింగ్ కేసులో, ఇట్టి నిఘా పేర అర్ధరాత్రి ఇంటి తలుపు తట్టడం చెల్లదని అదే న్యాయస్థానం చెప్పినది. ఆ కేసులో మన రాజమహేంద్రవరపు కోకా సుబ్బారావుగారు వేరుగా వ్రాసిన తీర్పులో మరొక అడుగు ముందుకు వేసి, నిఘా మొత్తమే చెల్లదన్నారు. మనిషి ఏకాంతం అతని స్వేచ్ఛలో భాగమన్నారు. నాడు అది అల్పసంఖ్యాక అభిప్రాయం. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అభిప్రాయాన్నే నిలబెట్టినది. 2024 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానం, ఇట్టి షీట్లు పోలీసుల ఆంతరంగిక పత్రాలనీ, తగిన సాక్ష్యం లేనిదే అందులో మైనరు బంధువుల వివరాలు చేర్చరాదనీ, వెనుకబడిన వర్గాలవారి పేర్లు కేవలం వారి పుట్టుకను బట్టి వాటిలోనికి ఎక్కకుండ చూడవలెననీ చెప్పినది. న్యాయమూర్తులు అంతగా చెప్పవలసివచ్చినదంటే ఆ పేర్లు ఎక్కుతున్నవనే గదా అర్థం.

ఇదంతా ఠాణాల సంగతి, మనకేమి అనుకొనే ఉపాధ్యాయులుండవచ్చును. నేను పనిచేసిన ఒక కళాశాలలో కొన్నేళ్ల క్రితం వినాయక నిమజ్జనం నాటి కొట్లాటలో ఇద్దరు ఇంటరు విద్యార్థులు చిక్కుకొన్నారు. ఇద్దరూ ఒకే పక్షం, ఇద్దరి చేతా ఒకేరకం కర్ర. మరునాడు అధ్యాపకుల గదిలో ఆ ప్రసక్తి వచ్చినప్పుడు ఒకనిని గురించి ‘వాడు కాస్త ఆకతాయి, తండ్రిగారితో మాట్లాడితే సరి’ అన్నారు. రెండవవానిని గురించి ‘వాడు మొదటినుండీ రౌడీయే’ అన్నారు. మొదటివాని తండ్రి ఊరిలో దుకాణదారుడు. తండ్రిగారిని పిలిపించడానికి ఒక తండ్రీ, ఒక ఫోనూ ఉన్నవి. రెండవవాని తల్లి కూలిపనికి పోయి సాయంత్రంగాని దొరకదు. మొదటినుండీ అన్న మాటకు ఆధారమేమని హాజరుపట్టీ తెప్పించి చూస్తే, ఆ పిల్లవానిపై అంతకుముందు ఏ ఫిర్యాదూ లేదు. తరగతికి తక్కువగా వచ్చినాడు, అంతే. హాజరుపట్టీలోని ఖాళీలే అతని నేరచరిత్ర. ఆ సంవత్సరాంతాన ఇద్దరికీ ఇచ్చిన ధ్రువపత్రాలలో ప్రవర్తన అన్నచోట ఒకనికి ‘బాగున్నది’ అని, రెండవవానికి ‘తృప్తికరం’ అని వ్రాసి ఉన్నది. తృప్తికరమన్నది నిఘంటువులో మంచిమాటే. ఉద్యోగమిచ్చేవాడు మాత్రం దానిని ఎట్లు చదువుతాడో ధ్రువపత్రాలు వ్రాసినవారందరికీ తెలుసు. తనను గురించి తృప్తికరమైన లెక్క చెప్పుకోలేనివాడు అన్న 1898 నాటి వాక్యం నాకు అప్పుడే గుర్తుకు వచ్చినది.

ఇందులో రెండవ అన్యాయం కూడ ఉన్నది; దానిని దాచరాదు. ఆకతాయి అన్న మెత్తని మాట అబ్బాయిలకు ఎంత అనుకూలమో అమ్మాయిలకు అంత ప్రతికూలం. హైదరాబాదులో 2014లో షీ టీములు ఏర్పడినప్పటినుండి, బస్సుస్టాండులలో ఆడపిల్లలను వేధించి పట్టుబడినవారిని పత్రికలు తరచు ‘ఆకతాయిలు’ అనే వ్రాస్తున్నవి. వెంటబడి, దారి కాచి, చదువు మానిపించేంత భయపెట్టినవానికి ఆ పేరు చాలదు. అట్టివానికి స్మృతికారుల పాత అర్థమే దగ్గర. ఒకరి విషయంలో మాట నేరానికి మించి బరువెక్కుతున్నది, మరొకరి విషయంలో నేరానికి చాలక తేలిపోతున్నది. తూకపురాయి మారుతున్నదిగాని సరుకు ఒకటే.

‘గూండా’ను గురించి రెండు ముక్కలు. 1923లో బెంగాలులో గూండాల చట్టమనే పేరుతోనే ఒక చట్టం వచ్చినది. ఆంధ్రప్రదేశంలో 1986లో వచ్చిన నిర్బంధ చట్టం పేరులోనూ ఆ మాట ఉన్నది. 1910లో బస్తరు గిరిజనుల తిరుగుబాటుకు నాయకుడైన గుండా ధుర్ పేరునుండి ఇది పుట్టినదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ హృద్యంగా ఉన్నది. ఒక వీరుని పేరును పాలకులు తిట్టుగా మార్చినారనడం నమ్మబుద్ధి అవుతుంది. కాని 1884లో అచ్చయిన ప్లాట్సు నిఘంటువులోనే గుండా శబ్దమున్నది. తిరుగుబాటుకు ఇరువదియారేళ్ల ముందున్న మాట దానినుండి పుట్టజాలదు. వ్యుత్పత్తి చెప్పేటప్పుడు హృద్యమైనదానిపట్ల కొంచెం జాగ్రత్త అవసరమని విద్యార్థులకు నేను ఈ ఉదాహరణనే చెబుతుంటాను. ఇక ‘దాదా’, ‘భాయి’, ‘అన్న’ అనేవి బంధువాచకాలు. భయపడినవాడు వరుస కలుపుకొంటాడు. దానికి వ్యుత్పత్తి వెదకనక్కరలేదు.

ఠాణా మాటగా ఉన్న రౌడీని మరల ఇంటిలోనికి తెచ్చినది సినిమా. 1970లో ‘రౌడీ రాణి’ వచ్చినది. ఇక్కడ ఒక చిన్న వ్యాకరణ విశేషం: ఈ మాటలలో దేనికీ స్త్రీలింగ రూపం లేదు. పోకిరి, పోరంబోకు, రౌడీ – అన్నీ మగవానినే ఊహించి పలికేవి. ఆడదాని చేత పిస్తోలు పట్టించవలసివచ్చినప్పుడు ప్రక్కన రాణిని చేర్చవలసివచ్చినది. 1989లో ‘శివ’ చిత్రం కళాశాల ఆవరణలోని ముఠాలను, సైకిలు గొలుసును తెరకెక్కించినది. దానిలో రౌడీ ఇంకా భయంకరుడే. రెండేళ్లు గడిచేసరికి 1991లో ‘రౌడీ అల్లుడు’, ‘అసెంబ్లీ రౌడీ’, 1992లో ‘రౌడీ ఇన్‌స్పెక్టర్’ వచ్చినవి. వరుసగా చూడండి: అల్లుడు, శాసనసభ, పోలీసు. గృహస్థాశ్రమం, ప్రజాప్రాతినిధ్యం, అధికారం మూడింటి ప్రక్కనా రౌడీ కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. 2018 నాటికి ఒక కథానాయకుడు తన అభిమానులందరినీ ప్రేమగా రౌడీలని పిలిచి, ఆ పేరుతో దుస్తుల వ్యాపారం కూడ ఆరంభించినాడు. ఆ చొక్కా తొడుగుకొని కళాశాలకు వచ్చే పిల్లలను నేను చూస్తున్నాను. కలిగినవారి పిల్లలే, చొక్కా చౌక కాదు. మా నిమజ్జనపు కేసులోని రెండవ కుర్రవాడు ఆ మాటను వీపున అచ్చొత్తించుకొని తిరుగగలడా అన్నది వేరే ప్రశ్న.

పోకిరి మాట సినిమాతో పోయిన దారి ఇంకొకటి. 2006లో తెలుగులో ‘పోకిరి’ చిత్రం వచ్చినది. 2007లో తమిళంలో ‘పోక్కిరి’ అయినది. 2010లో కన్నడంలో ‘పోర్కి’ అయినది. మూడు భాషలవారికీ ఇంట పెరిగిన మాటే గనుక పేరు మార్చవలసిన పని పడలేదు. నడుమ 2009లో హిందీలో తీసినప్పుడు మాత్రం ఆ పేరు కుదరలేదు. హిందీలో ఆవారా ఉన్నది, లఫంగా ఉన్నది, బద్మాషు ఉన్నది. అవేవీ కాక వారు ఒక ఇంగ్లీషు మాట తీసుకొన్నారు – ‘వాంటెడ్’. పోలీసులు వెదుకుతున్న మనిషి బొమ్మ క్రింద గోడమీద వ్రాసే మాట అది.